'పవర్' ఎక్కడి మాట? తెలుగులో దానికి ఇన్ని మాటలు ఎందుకు?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీరు రాయగడలో ఉంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయికి బడిలో ఇంగ్లీషు. 'పవర్' అంటే ఏమిటని ఆమె అడిగితే మొదట 'అధికారం' అన్నారు. సైన్సు పాఠం దగ్గర అది పనికిరాలేదు కాబట్టి 'శక్తి' అన్నారు. లెక్కల పుస్తకంలో చూస్తే అది అంకె నెత్తిన కూర్చున్న చిన్న అంకె. ఇంతలో కరెంటు పోతే పక్కింటివారు దాన్నీ పవర్ కట్ అన్నారు. ఈ మాట ఎక్కడిది, అన్ని అర్థాల్లో అసలుది ఏది, తెలుగులో దీనికి ఒక్క మాట లేదా, 'పవర్' అని అలాగే రాస్తే తప్పా అని అడిగారు.

సూటి సమాధానం: 'పవర్'కు మూలార్థం 'చేయగలగడం'. అది పుట్టుకతో నామవాచకం కాదు, క్రియ. లాటిన్‌లో 'చేయగలుగు' అనే అర్థమున్న క్రియ ఫ్రెంచిలో నామవాచకంగా కూడా నిలిచింది, అక్కడి నుంచి 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో చేరింది. అధికారం, బలం, విద్యుత్తు, ఘాతం, కళ్లజోడు పవర్ అన్నీ 'ఎవరు, లేక ఏది, ఏమి చేయగలదు' అన్న ప్రశ్నకు వేర్వేరు చోట్ల వచ్చిన జవాబులే. తెలుగులో దీనికి ఒక్క మాట లేదు. లేకపోవడం లోటని నేను అనుకోను.

నేను పర్లాకిమిడిలో ఇంగ్లీషు, ఒడియా, తెలుగు భాషల మధ్య దస్తావేజులు, కోర్టు కాగితాలు అనువదిస్తాను. సాయంత్రాలు పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఈ మాటతో నాకు రోజూ పనే, కాబట్టి జవాబు కొంచెం పొడుగవుతుంది.

లాటిన్‌లో 'పోటిస్' అంటే చేయగలిగినవాడు, చేయగలిగినది. దానికి 'ఉండు' అనే అర్థమున్న 'ఎస్సె' చేరి 'పోస్సె' అయింది. ఇంగ్లీషు 'పాసిబుల్' అందులోంచి వచ్చిందే. వాడుక లాటిన్‌లో జనం 'పోస్సె'ను మిగతా క్రియల వరసలోకి దించి 'పోతేరె' అన్నారు. పండితులు దాన్ని తప్పనే అనేవారు, కానీ నిలిచింది ఆ తప్పే. ఫ్రాంకుల చక్రవర్తి చార్లెమేన్ మనవలిద్దరు 842లో స్ట్రాస్‌బుర్గ్ దగ్గర ఒకరికొకరు తోడుంటామని ప్రమాణాలు చేశారు. ఫ్రెంచి భాషలో మనకు దొరికిన అతి పాత పాఠం ఆ ప్రమాణమే. 'దేవుడు నాకు ఇచ్చిన తెలివి మేరకు, చేయగలిగిన మేరకు' అనే చోట అందులో 'పోదిర్' అని ఉంది. అప్పటికే క్రియ నామవాచకంగా నిలబడింది. తర్వాత మధ్యలోని 'ద' అరిగిపోయింది. ఫ్రెంచిలో అది 'పువ్వార్' అయింది, ఇంగ్లీషులో 'పవర్' అయింది. ఫ్రెంచివారికి ఈనాటికీ 'చేయగలుగు' అనే క్రియా అదే, 'అధికారం' అనే నామవాచకమూ అదే.

ఇంగ్లీషువారికి అంతకు ముందు సొంత మాటలు లేవా అంటే, ఉన్నాయి. 'మైట్' వారి పాత మాట. 'క్రాఫ్ట్' అంటే ఇప్పుడు చేతిపని, ఒకప్పుడు దానికి బలం అని అర్థం. 'వీల్డ్' అనే క్రియ పాలించడం అనే అర్థంలో ఉండేది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కచేరీ భాష ఫ్రెంచి అయింది. కచేరీలో ఏ మాట నడిస్తే అధికారానికి ఆ మాటే పేరవుతుంది. ఇంగ్లండు కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేశారు, ఆ చట్టాన్ని రాసింది ఫ్రెంచిలోనే! సరిహద్దు వాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. ఆ కాలపు కుటుంబ కాగితాలు ఇప్పటికీ నా దగ్గరకు తెలుగులో వస్తుంటాయి. వాటి మీద ఇప్పుడు నడవాల్సిన వ్యవహారం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది.

ఇక మీ అమ్మాయికి తప్పకుండా నచ్చే సంగతి. లాటిన్ 'పోటిస్', సంస్కృతం 'పతి' ఒకే మూలం నుంచి వచ్చిన దాయాదులు. పతి అంటే మొదట యజమాని, తర్వాత భర్త. సేనాపతి, భూపతి, నరపతి అందరూ ఈ కుటుంబమే. నేనుండే జిల్లా పేరు గజపతి, కాబట్టి మా చిరునామాలోనే 'పవర్' చుట్టం ఒకరున్నారు. ఇంతకంటే తమాషా 'దంపతులు'. 'దం' అంటే ఇల్లు, వేదభాషలో దంపతి అంటే ఇంటి యజమాని. ద్వివచనంలో అదే భార్యాభర్తలయింది. గ్రీకులో ఇదే నిర్మాణంతో 'దెస్పోతేస్' అనే మాట ఉంది, దాని అర్థమూ ఇంటి యజమానే. అది ఇంగ్లీషులో 'డెస్పాట్' అయి, నియంత అనే అర్థానికి వచ్చింది. పెళ్లిపత్రికల మీద 'నూతన దంపతులు' అని చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది. పెళ్లివారితో మాత్రం అనను.

లాటిన్‌లో అతిథికీ ఆతిథ్యం ఇచ్చేవాడికీ పేరయిన 'హోస్పెస్'లోనూ ఈ 'పోటి' ఉందని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఇంగ్లీషు 'హాస్పిటల్' అందులోంచి వచ్చింది. మన 'ఆసుపత్రి'కి మూలం మళ్లీ ఆ మాటే.

ఇక్కడ ఒక హెచ్చరిక. 'పవర్' మన 'పవనం' నుంచే వెళ్లిందని ఫోన్లలో తిరిగే సందేశాన్ని నాకు చాలామంది పంపారు. కాదు. పవనానికి ధాతువు 'పూ', శుద్ధి చేయడం అని అర్థం. 'పవర్'లోని 'వ' తర్వాత చేరిన అక్షరం, దాని అసలు ఎముక 'ప-త'. ఈనాటి ఉచ్చారణలు రెండు కలిశాయని చుట్టరికం కలపకూడదు. చుట్టరికం తేలాలంటే పాత రూపాలు చూడాలి. 'పతి'కీ 'పవర్'కూ చెవికి పోలిక లేదు, అయినా చుట్టాలు.

అర్థాలు ఎలా విడిపోయాయో చూద్దాం. ఇంగ్లీషులో చేరిన తొలి రోజుల్లోనే ఈ మాటకు సామర్థ్యం, దేహబలం, ఏలుబడి, చట్టం ఇచ్చిన వీలు అనే అర్థాలన్నీ ఉన్నాయి. సైన్యం అనే అర్థమూ ఉండేది. పాత ఇంగ్లీషు నాటకాల్లో రాజు తన 'పవర్లు' వస్తున్నాయంటే దండు వస్తోందని. దేశాన్నే ఒక 'పవర్' అనడం 18వ శతాబ్దికి వచ్చింది. దాన్ని మన పత్రికలు 'అగ్రరాజ్యం' అని అందంగా తెలుగు చేశాయి. అందులో శక్తీ లేదు, అధికారమూ లేదు, అయినా అర్థంలో వెలితి లేదు. మంచి అనువాదం అంటే నా దృష్టిలో అది.

లెక్కల్లో 'పవర్' దారి వేరు. గ్రీకు గణితజ్ఞులు వర్గాన్ని 'దునామిస్' అన్నారు, సామర్థ్యం అనే అర్థమున్న మాట. లాటిన్‌లో దాన్ని 'పొటెన్షియా' చేశారు, ఇంగ్లీషులో అది 'పవర్' అయింది. మనం 'ఘాతం' అంటాం. సంస్కృత గణితంలో గుణించడాన్ని కొట్టడం, చంపడం అనే అర్థాలున్న మాటలతో చెప్పేవారు, ఘాతం ఆ వరసలోది. కాబట్టి రెండు ఘాతం ఐదులో అధికారాన్నీ శక్తినీ వెతకవద్దని అమ్మాయికి చెప్పండి.

భౌతికశాస్త్రంలో మాత్రం జాగ్రత్త కావాలి, ఎక్కువ గందరగోళం ఇక్కడే. తెలుగు పాఠ్యపుస్తకాల్లో బలం, శక్తి, సామర్థ్యం మూడూ మూడు వేర్వేరు రాశులు. బలం అంటే 'ఫోర్స్', శక్తి అంటే 'ఎనర్జీ', సామర్థ్యం అంటే 'పవర్'. ఎంత పని చేయవచ్చు అన్నది శక్తి, ఎంత వేగంగా చేయవచ్చు అన్నది సామర్థ్యం. హిందీ పుస్తకాల్లో 'ఎనర్జీ'ని ఊర్జా అంటారు, 'పవర్'నే శక్తి అంటారు. అమ్మాయి ఇంట్లో మీ తెలుగు విని, హిందీలో ఒక వీడియో చూసి, ఇంగ్లీషులో పరీక్ష రాస్తే 'శక్తి' అనే ఒక్క మాట దగ్గరే రెండు రాశులు కలిసిపోతాయి. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఈ తికమక తరచూ కనిపిస్తుంది. పోనీ తెలుగువాళ్లమైనా ఒక మాట మీద ఉన్నామా అంటే అదీ లేదు. పుస్తకంలో పవర్ 'సామర్థ్యం', కానీ హార్స్‌పవర్ 'అశ్వశక్తి'!

ఆ అశ్వశక్తి జేమ్స్ వాట్ లెక్క. తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాలకు సాటి వస్తుందో కొనేవారికి చెప్పడానికి, ఒక గుర్రం నిమిషంలో 33,000 పౌండ్ల బరువును ఒక అడుగు ఎత్తు లేపగలదని కట్టాడు. మళ్లీ 'గలదు' దగ్గరికే వచ్చాం చూడండి. ఒక అశ్వశక్తి ఇప్పటి లెక్కలో సుమారు 746 వాట్లు. పొలంలో ఐదు హెచ్‌పీ మోటారు అంటే 3,700 వాట్ల పైచిలుకు. కరెంటు బిల్లులో యూనిట్ మాత్రం పవర్ కాదు, శక్తి. 1,000 వాట్ల హీటరు గంటసేపు వాడితే ఒక యూనిట్. 10 వాట్ల బల్బు అదే యూనిట్‌తో 100 గంటలు వెలుగుతుంది. బల్బు మీద ఉన్నది పవర్, బిల్లులో ఉన్నది ఎనర్జీ. అమ్మాయికి పాఠం బల్బునూ బిల్లునూ పక్కపక్కన పెట్టి చెప్పండి, ఇంకేమీ అక్కర్లేదు.

విద్యుత్తుకు 'పవర్' అన్న పేరు వాడుక వల్ల వచ్చింది. యంత్రాన్ని నడపగలిగేది ఏదైనా పవరే, అది నీరయినా, ఆవిరయినా, విద్యుత్తయినా. మనం 'కరెంటు పోయింది' అంటాం. అదీ ఇంగ్లీషే, కానీ ఇంగ్లీషువారు ఆ సందర్భంలో ఆ మాట అనరు. ఒక విద్యార్థి ఇంగ్లీషు పత్రికలో మాచ్‌ఖండ్ గురించిన వార్త తెలుగు చేసి తెచ్చాడు. రెండు రాష్ట్రాలు 'అధికారాన్ని పంచుకోవడం' గురించి అందులో భారంగా రాశాడు. కొరాపుట్ జిల్లా సరిహద్దులోని మాచ్‌ఖండ్ ఆంధ్రప్రదేశ్, ఒడిశాల ఉమ్మడి జలవిద్యుత్ కేంద్రం, 1955 నుంచి నడుస్తోంది. అక్కడ పంచుకునేది కరెంటు. అతను వ్యాకరణంలో ఎక్కడా తప్పలేదు, ఏ పవరో అడగలేదు, అంతే.

ఇక నా వృత్తికి అసలు విషయం. మనలాంటి సరిహద్దువాళ్లకు ఇంగ్లీషు 'పవర్' కంటే ఎక్కువ ప్రమాదం ఇరుగుపొరుగు భాషల్లో ఒకేలా కనిపించే సంస్కృత పదాలతో.

మొదటిది 'అధికారం'. తెలుగులో ఇది 'పవర్'. ఒడియాలో 'అధికార' అంటే ముఖ్యంగా హక్కు. మనం ప్రాథమిక హక్కులు అనేది వారికి మౌళిక అధికార. మన సమాచార హక్కు చట్టం వారికి సూచనా అధికార ఆయిన. హిందీ, మరాఠీలలోనూ ఇదే దారి. నిజానికి సంస్కృతంలో పాత అర్థం వారి వాడుకకే దగ్గర. గీతలో 'కర్మణ్యేవాధికారస్తే' అన్నప్పుడు అర్జునుడికి పదవి ఇవ్వడం లేదు కదా, నీకు చెందేది కర్మ చేయడమే అని చెబుతున్నాడు. మనం అరబ్బీ మూలం ఉన్న 'హక్కు'ను ఆ పనికి తెచ్చుకుని, 'అధికారా'న్ని కుర్చీకి ఇచ్చేశాం.

మాటల తేడాయే కదా అనుకోవద్దు. ఒక కుటుంబ పంపకం కాగితం ఒడియాలో ఉంది. పెరటి బావి మీద చిన్న తమ్ముడికి 'అధికార' ఉందని రాశారు, అంటే నీళ్లు తోడుకునే హక్కు. శ్రీకాకుళం వైపు ఉన్న బంధువుల కోసం ఎవరో దాన్ని తెలుగు చేసి 'బావి మీద అధికారం చిన్నవాడిది' అని రాశారు. చదివినవాళ్లకు బావి మొత్తం అతని చేతిలో పెట్టినట్టు, మిగతావారు అతన్ని అడిగి తోడుకోవాలన్నట్టు అనిపించింది. కాగితం నా దగ్గరకు వచ్చేసరికి అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. నేను చేసింది ఒక్క మాట మార్చడమే.

ఎదురు దిశలో ఇంకా పెద్ద చిక్కు ఉంది. అది పవర్ ఆఫ్ అటార్నీ. పాత కాగితాల్లో ఇది ముక్త్యారునామా. 'ముఖ్తార్' అంటే అరబ్బీలో ఎంపికైనవాడు, 'అటార్నీ' అంటే పాత ఫ్రెంచిలో నియమితుడు. రెండు చోట్లా భావం ఒక్కటే: నా బదులు నువ్వు చేయగలవు. 'అమ్మే అధికారం ఇస్తున్నాను' అన్న తెలుగు వాక్యాన్ని అలాగే ఒడియాలోకి దించితే, చదివేవారు దాన్ని అమ్ముకునే హక్కే ఇచ్చేసినట్టు తీసుకునే వీలుంది. హక్కు సొంతదారుడిది, పవర్ అతని పేరు మీద పని చేసేవాడిది. భారత ఒప్పందాల చట్టం (1872) ప్రకారం ఇచ్చినవారు చనిపోతే ఆ పవర్ మామూలుగా ముగుస్తుంది. పుచ్చుకున్నవారికి ఆ ఆస్తిలోనే సొంత ప్రయోజనం ఉంటే తప్ప. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద జరిపే అమ్మకంతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా చెప్పింది. అందుకే నేను ఒడియాలో ఒక్క మాటతో సరిపెట్టను. 'నా తరఫున, నా పేరు మీద, ఈ పనులు చేయడానికి' అని విడమరచి రాస్తాను. కాగితం ఒక వరస పెరుగుతుంది, పెరగనివ్వండి. మీకు సొంత కాగితం ఏదైనా ఉంటే మాత్రం న్యాయవాదికి చూపించండి, అనువాదకుడి మాట అక్కడ చాలదు.

రెండోది 'క్షమతా'. ఒడియా పత్రికల్లో రాజకీయ అధికారానికి ఇదే మాట, పాలకపక్షం 'క్షమతాసీన దళ'. తెలుగు చెవికి ఇందులో క్షమాపణ వినిపిస్తుంది. రెండూ ఒకే ధాతువు. 'క్షమ్' అంటే ఓర్చుకోవడం, ఓర్చుకోగలగడం. మనం ఓర్పు దగ్గర ఆగాం, వారు 'గలగడం' వైపు నడిచారు. లాటిన్ 'పోటిస్' నడిచిన బాట దాదాపు ఇదే.

మూడోది మహారాష్ట్ర వైపు, చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లోని మనవాళ్లకు. మరాఠీలో 'సత్తా' అంటే రాజ్యాధికారం. మనకు సత్తా ఉన్నవాడు అంటే పని చేసి చూపగలవాడు. అతనికి పదవి ఉండనక్కర్లేదు. పదవి ఉన్నవాడికి సత్తా ఉండాలన్న నియమమూ లేదు.

ఇంగ్లీషులో 'పవర్', 'అథారిటీ' ఒకటేనా అని కూడా అడిగారు. కాదు. 'అథారిటీ'కి మూలం లాటిన్ 'అవుక్తోరితాస్', పెంపొందించడం అనే ధాతువు నుంచి వచ్చింది. రోమన్లు దీన్నీ, పదవితో వచ్చే 'పొతెస్తాస్'నూ వేరుగా చూసేవారు. అగస్టస్ చక్రవర్తి తన పాలన గురించి చెక్కించిన శాసనంలో, పదవీ అధికారం నాకు సాటివారికంటే ఎక్కువ లేదు, అవుక్తోరితాస్‌లో మాత్రం అందరినీ మించాను అని చెప్పుకున్నాడు. ఆ పెద్దమనిషి నిజాయితీ సంగతి పక్కన పెట్టండి. ఆ తేడాను తెలుగులో ఇట్టే చెప్పవచ్చు: ఒకటి అధికారం, ఒకటి పెద్దరికం. మధ్యలో మనకు 'పలుకుబడి' అనే ఇంకో మాట ఉంది. ఇంగ్లీషు పత్రిక ఎవరినైనా 'పవర్‌ఫుల్' మనిషి అంటే పదిసార్లలో ఎనిమిదిసార్లు నేను 'పలుకుబడి ఉన్న' అనే రాస్తాను. శక్తిమంతుడు అని రాస్తే అతను కుస్తీ పడతాడేమో అనిపిస్తుంది.

మీ అమ్మాయికి నేనైతే ఇలా చెబుతాను. 'పవర్' కనబడగానే తెలుగు మాట వెతకవద్దు, ముందు 'ఎవరు, ఏమి చేయగలరు?' అని అడుగు. మంత్రి ఉత్తర్వు ఇవ్వగలడు, అది అధికారం. పహిల్వాను బరువెత్తగలడు, అది బలం. మోటారు ఇంత సమయంలో ఇంత పని చేయగలదు, అది సామర్థ్యం. మందు జబ్బును తగ్గించగలదు, అది గుణం. జవాబు దొరికాక తెలుగు మాట దానంతట అదే వస్తుంది.

చివరి ప్రశ్న, 'పవర్' అని తెలుగు లిపిలో రాసేయవచ్చా అన్నది. కొన్నిచోట్ల రాయాలి కూడా. 'పవర్ ఎక్కువ మాత్ర' అన్న వాడుక మాత్రం నాకు నచ్చదు. రెండు వేర్వేరు మందుల మిల్లీగ్రాముల అంకెలు పోల్చి ఏది గట్టిదో చెప్పలేం, ఆ మాట వల్ల జనం పోలుస్తారు. కళ్లజోడు దగ్గర 'పవర్' తప్ప ఇంకో మాట పెడితే అద్దాల దుకాణంలో ఎవరికీ అర్థం కాదు. అక్కడ దానికి కచ్చితమైన కొలత కూడా ఉంది, డయాప్టర్. ఒకటిని మీటర్లలో నాభ్యంతరంతో, అంటే అద్దం నుంచి వెలుగు ఒకచోట చేరే దూరంతో, భాగిస్తే అది వస్తుంది. చత్వారానికి ప్లస్ రెండు అద్దం ఇచ్చారంటే అది దూరం నుంచి వచ్చే వెలుగును అర మీటరు దగ్గర ఒకచోటికి చేర్చగలదు. మైనస్ అద్దం వెలుగును విడదీస్తుంది. మీ అమ్మాయి కళ్లజోడు పెట్టుకుంటుందని రాశారు కదా, చీటీ మీద ఉన్న అంకెతో ఈ భాగహారం ఆమెతోనే చేయించండి.